పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పేయొచ్చు, తాళంచెవి చెప్పలేం: హార్డ్‌వేర్ సెక్యూరిటీ కీ అంటే ఏంటి?

నందిపేట్‌లో పసుపు అమ్మిన డబ్బులైనా, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బులైనా ఇప్పుడు పడేది బ్యాంకు ఖాతాలోనే. ఆ ఖాతాకు కాపలా ఎవరు? ఒక పాస్‌వర్డ్, ఫోన్‌కు వచ్చే ఓటీపీ. ఈ రెండింటికీ ఒకటే లోపం: అడిగితే నోటితో చెప్పేయొచ్చు. మోసగాడికి కావాల్సింది కూడా అదే.

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

2022 జనవరిలో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి సుమారు 12.48 కోట్ల రూపాయలు కొట్టేశారు. అంతకుముందు 2021 నవంబర్‌లో సిబ్బందికి 200కు పైగా నకిలీ మెయిల్స్ వచ్చాయని, వాటిని తెరిచిన ఇద్దరి కంప్యూటర్ల ద్వారా హ్యాకర్లు లోపలికి దూరారని పోలీసులు చెప్పారు. 2023లో ఆర్‌బీఐ ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. బ్యాంకు పరిస్థితే ఇట్లుంటే మామూలు మనిషి సంగతేంటి?

కీ ఎట్లా పనిచేస్తుంది?

సెక్యూరిటీ కీ చూడ్డానికి పెన్‌డ్రైవ్ లాగే ఉంటుంది. దాని చిప్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అది బయటికి రాదు. లాగిన్ అయ్యేటప్పుడు వెబ్‌సైట్ ఒక ప్రశ్న పంపిస్తే, కీ లోపలే దానికి సంతకం చేసి జవాబు ఇస్తుంది. అసలు సైట్ అడ్రస్‌కు మాత్రమే జవాబిస్తుంది కాబట్టి, అచ్చం అట్లాగే కనిపించే నకిలీ సైట్‌లో మనం మోసపోయినా కీ మోసపోదు. గూగుల్ 2017లో తన 85 వేల మందికి పైగా ఉద్యోగులకు ఈ కీలు తప్పనిసరి చేసింది. ఆ తర్వాత ఒక్కరి ఆఫీస్ ఖాతా కూడా ఫిషింగ్‌కు దొరకలేదని 2018లో ప్రకటించింది. ఇదే పద్ధతి ఫోన్‌లో ‘పాస్‌కీ’ పేరుతో ఉచితంగా దొరుకుతోంది. వేలిముద్ర పెడితే చాలు.

మన బజార్లో ఉన్నదే

ఇది మనకు పూర్తిగా కొత్త కాదు. ప్రభుత్వ టెండర్లు వేసే కాంట్రాక్టర్లు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేసుకునే కంపెనీలు వాడే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ దీనికి చుట్టమే. దాంతో పెట్టిన సంతకం 2000 నాటి ఐటీ చట్టం కింద చెల్లుతుంది. కానీ చాలామంది ఆ టోకెన్‌ను, పిన్‌ను కలిపి అకౌంటెంట్ దగ్గరే వదిలేస్తారు. అకౌంటెంట్ ఎంత మంచోడైనా సరే, అది సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చి రావడమే. టోకెన్ మీ దగ్గర పెట్టుకోండి. పని ఉన్నప్పుడు తీసుకెళ్లి, పిన్ మీరే కొట్టండి.

ముందుగా ఏం చేయాలి?

• మొదట ఈమెయిల్ ఖాతాకు పాస్‌కీ పెట్టుకోండి. మిగతా చాలా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చే దారి అక్కడి నుంచే పోతుంది.
• విడిగా కీ కొంటే రెండు కొనండి. ఒకటి ఇంట్లో భద్రంగా దాచండి. ఉన్న ఒక్కటీ పోతే మీరే బయట నిలబడాల్సి వస్తుంది.
• మన బ్యాంకుల్లో ఓటీపీ వాడకం ఇంకా పోలేదు. అది ఎవరికీ చెప్పొద్దు, బ్యాంకు వాళ్లమని అన్నా సరే.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎవరో బెదిరిస్తే భయపడి మన చేత్తో మనమే డబ్బు పంపితే ఏ కీ కూడా ఆపలేదు. అట్లాంటిది జరిగితే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.