సంగీతం, రికార్డింగ్ నేర్పే వీడియో పాఠాలు: మంచివి ఎలా ఎంచుకోవాలి?

గోవాడ (చోడవరం): గోవాడ అంటే అందరికీ షుగర్ ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. సంగీతం అనగానే ఈ ఉత్తరాంధ్రలో వినిపించే పేరు విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత కళాశాల. 1919లో మొదలైన ఈ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. గాత్రం, వీణ, వయొలిన్‌కు అలాంటి చోటు ఉంది. రికార్డింగ్, మిక్సింగ్ నేర్చుకోవాలనుకునే పిల్లలు మాత్రం ముందు యూట్యూబే తెరుస్తారు. అక్కడ వీడియోలకు కొదవ లేదు, వరుసగా నేర్పేవే తక్కువ.

ముందు ఏం కావాలో తేల్చుకోండి

స్వరం, తాళం, కార్డ్స్ ఎలా కుదురుతాయో చెప్పేది థియరీ. శబ్దాన్ని రికార్డ్ చేసి, సరిచేసి, పాటగా తయారు చేసేది ప్రొడక్షన్. నాత్ పాడి శుభ్రంగా రికార్డ్ చేయాలనుకునే అబ్బాయికి కార్డ్స్ పాఠాలు అక్కర్లేదు. మైక్ ఎంత దూరంలో పెట్టాలి, గదిలో ప్రతిధ్వని ఎలా తగ్గించాలి అనేవి చాలు.

ఎక్కడ చూడాలి?

* ఎన్‌పీటెల్: ఐఐటీల ఉచిత పాఠాలు. ఐఐటీ మద్రాస్ వాళ్ల కర్ణాటక సంగీతం కోర్సు ఉంది. చూడటం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.
* యేల్ యూనివర్సిటీ: ప్రొఫెసర్ క్రెయిగ్ రైట్ పాశ్చాత్య సంగీత క్లాసులు. 2008లో రికార్డ్ చేశారు, ఉచితం.
* ఏబుల్టన్ 'లెర్నింగ్ మ్యూజిక్': వీడియో కాదు, బ్రౌజర్‌లోనే బీట్ కట్టి నేర్చుకునే ఉచిత పాఠాలు.
* కోర్సెరాలో బర్క్లీ కాలేజీ ప్రొడక్షన్ కోర్సు: ఎంతవరకు ఉచితమో చేరే ముందే చూసుకోండి.

ఇవన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. సబ్‌టైటిల్స్ పెట్టుకుని నెమ్మదిగా చూడొచ్చు.

మంచి పాఠానికి గుర్తులు

పాఠాలకు వరుస నంబర్లు ఉండాలి. మార్పు చేయకముందు, చేశాక శబ్దం వినిపించాలి. ఏ బటన్ నొక్కాలో కాదు, ఎందుకు నొక్కాలో చెప్పాలి. చివర్లో చేయాల్సిన పని ఇవ్వాలి. మీ దగ్గరున్న సాఫ్ట్‌వేర్ మీదే పాఠం ఉండాలి. ఆడాసిటీ, బ్యాండ్‌ల్యాబ్ ఉచితం, బ్యాండ్‌ల్యాబ్ ఫోన్‌లోనూ పనిచేస్తుంది. సరిగమలు వచ్చినవాళ్లకు థియరీ కొత్తేమీ కాదు: శంకరాభరణం స్వరాలే పాశ్చాత్యుల మేజర్ స్కేల్.

డబ్బు కట్టే ముందు

కనీసం నెల రోజులు ఉచిత పాఠాలు పూర్తిచేయనివ్వండి. పిల్లాడు రెండు మూడు చిన్న రికార్డింగులు చేసి చూపిస్తే అప్పుడు ఫీజు సంగతి ఆలోచించండి. రీఫండ్ నిబంధన రాతపూర్వకంగా తీసుకోండి. 'గ్యారంటీ అవకాశం' అన్న మాట నమ్మి ఈఎంఐ పెట్టుకోవద్దు. మొదట్లో ఖరీదైన స్పీకర్లు వద్దు, వైరున్న హెడ్‌ఫోన్ చాలు. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, పాడుతూ రికార్డ్ చేయడానికి పనికిరాదు.

వినేవాళ్లు కావాలి

ప్రకాశం జిల్లా కరవదికి చెందిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన్న మౌలానా తమిళనాడు వెళ్లి శ్రీరంగంలో స్థిరపడ్డారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ఎదురుగా కూర్చుని వినే గురువు చేసే పని వీడియో చేయలేదు, మన అపస్వరం దానికి వినిపించదు. అందుకే నెలకోసారైనా మీ రికార్డింగ్‌ను తెలిసినవాళ్లకు వినిపించి, తప్పులు చెప్పించుకోండి.