వరుసలో ముందెవరు? గల్ఫ్ తంతి నుంచి బహ్రెయిన్ సర్వర్ గది దాకా

కొన్నేళ్ళ క్రితం బహ్రెయిన్‌లో నేను పనిచేస్తున్న ఒక ఆసుపత్రికి అర్ధరాత్రి దాటాక పక్షవాత లక్షణాలతో ఒక రోగి వచ్చాడు. సీటీ స్కాన్ వెంటనే పూర్తయింది. చిత్రాలు మాత్రం నా తెర మీదికి ఎంతకీ రాలేదు. చివరికి స్కానర్ గదికి పరుగెత్తి, అక్కడి తెర మీదే చూసి చికిత్స మొదలుపెట్టాను. కారణం మర్నాడు తెలిసింది. చిత్రాలను భద్రపరిచే సర్వర్, రాత్రిపూట బ్యాకప్ తీసే సర్వర్ రెండూ వర్చువల్ యంత్రాలే. రెండూ ఒకే పెట్టెలో ఉండి, బయటికి ఒకే దారిని పంచుకుంటున్నాయి. ఆ దారిలో ఎవరు ముందు వెళ్ళాలో ఎవరూ నిర్ణయించలేదు.

వైద్యులకు ఈ ప్రశ్న పాతదే. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడైన డొమినిక్ జీన్ లారీ, క్షతగాత్రుల హోదా చూడకుండా గాయం తీవ్రతను బట్టి ముందు ఎవరిని చూడాలో నిర్ణయించాడు. నేటికీ అత్యవసర విభాగాలన్నీ నడిచేది ఆ సూత్రం మీదే.

వార్తల ప్రపంచం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. 1864లో బ్రిటిష్ వారు గల్ఫ్ సముద్ర గర్భంలో వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ గ్వాదర్ నుంచి ముసందం, బుషెహ్ర్ మీదుగా ఫావ్ చేరింది, బహ్రెయిన్‌ను తాకలేదు. మరుసటి ఏడాది, 1865లో, పారిస్‌లో కుదిరిన అంతర్జాతీయ టెలిగ్రాఫ్ ఒడంబడిక తంతులను మూడు తరగతులు చేసింది: ముందు ప్రభుత్వాలవి, తర్వాత టెలిగ్రాఫ్ శాఖవి, ఆఖరున ప్రజలవి. అక్కడ వరుసను నిర్ణయించింది వార్త అవసరం కాదు, పంపినవాడి హోదా.

ఆ వారసత్వం ఇంటర్నెట్‌కూ వచ్చింది. 1981 నాటి ఐపీ ప్రమాణం ప్రతి ప్యాకెట్ శీర్షికలో ప్రాధాన్యం కోసం మూడు బిట్లు కేటాయించి, ఆ ఎనిమిది మెట్లకు రొటీన్, ఇమ్మీడియట్, ఫ్లాష్ వంటి సైనిక వార్తల పేర్లే పెట్టింది. 1998లో వాటి స్థానంలో ఆరు బిట్ల పద్ధతి వచ్చి, 64 రకాల గుర్తులకు చోటిచ్చింది. అయితే ఆ గుర్తును ఎవరు వేయాలి? ప్రతి యంత్రమూ తనదే అత్యవసరమంటే గుర్తుకు విలువేముంటుంది? ఎంత నొప్పిగా ఉందో రోగినే అడుగుతాం కాని, వరుసను నిర్ణయించేది ద్వారం దగ్గర కూర్చున్న నర్సు.

వర్చువల్ స్విచ్ ఆ నర్సు లాంటిదే. 2001లో వీఎంవేర్ ఈఎస్ఎక్స్ సర్వర్ వచ్చాక ఒకే పెట్టెలో పదుల యంత్రాలు కాపురం పెట్టాయి. వాటి మధ్య ప్యాకెట్లను పంచే స్విచ్ కూడా సాఫ్ట్‌వేర్ రూపంలో ఆ పెట్టెలోకే చేరింది. దీనితో ఒక చిక్కు వచ్చింది. ఒకే స్విచ్‌కు తగిలించిన, ఒకే వీల్యాన్‌లోని రెండు యంత్రాలు మాట్లాడుకుంటే ఆ సంభాషణ పెట్టె దాటి బయటికి రాదు. గోడకున్న స్విచ్‌కు, ఫైర్‌వాల్‌కు అది కనిపించదు. కాబట్టి ఏ యంత్రాన్ని ఏ స్విచ్‌కు తగిలించాలి, ఏ స్విచ్‌కు ఏ భౌతిక పోర్టులివ్వాలి అన్నవి ముందే ఆలోచించవలసిన విషయాలు. అనేక పెట్టెలకు ఒకే విధానం వర్తింపజేసే స్విచ్‌లు 2009లో వచ్చాయి. ఓపెన్ వీస్విచ్ వెలువడిందీ ఆ ఏడాదే.

2010లో వీఎంవేర్ దారిని వాటాలుగా పంచే పద్ధతి తెచ్చింది. పది గిగాబిట్ల దారిలో రోగుల చిత్రాలకు 100 వాటాలు, యంత్రాల తరలింపుకు 50, బ్యాకప్‌కు 50 ఇచ్చామనుకుందాం. మూడూ ఒకేసారి పోటీపడితే వరుసగా అయిదు, రెండున్నర, రెండున్నర గిగాబిట్లు దక్కుతాయి. రద్దీ లేనప్పుడు ఎవరికీ అడ్డు లేదు. పైవాడికే సర్వం ఇచ్చే పద్ధతిలో కిందివాడు ఆకలితో మాడిపోతాడు. ఇందులో ఆ ప్రమాదం లేదు.

1969లో రాస్ అబూ జర్జూర్‌లో ఉపగ్రహ భూకేంద్రాన్ని నెలకొల్పిన బహ్రెయిన్, 2017లో ప్రభుత్వ వ్యవస్థలకు క్లౌడే మొదటి ఎంపిక అన్న విధానం చేపట్టింది. 2019 జులైలో అమెజాన్ తన మధ్యప్రాచ్య క్లౌడ్ కేంద్రాన్ని మూడు జోన్లతో ఇక్కడే తెరిచింది. అక్కడ అద్దెకున్నవారికి స్విచ్ కనిపించదు. దాని స్థానాన్ని అద్దెకిచ్చినవాడే నిర్ణయిస్తాడు. ఏ యంత్రం ఏ జోన్‌లో ఉండాలి, ఏ పని ఎప్పుడు జరగాలి అన్న నిర్ణయాలు మాత్రం మనవే. పైగా ద్వీపానికి దారులు పరిమితం. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర, రెండు రోజుల తర్వాత గల్ఫ్‌లో కేబుళ్ళు తెగినప్పుడు ఈ ప్రాంతమంతా, భారతదేశంతో సహా, నెమ్మదించింది. దారి ఇరుకైన రోజునే వరుస విలువ తెలుస్తుంది.

ఆ రాత్రి తర్వాత మా ఆసుపత్రిలో ఇంజనీర్లు, వైద్యులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. అత్యవసర విభాగం చిత్రాలు, మానిటర్ల సంకేతాలు ముందు, తర్వాత రోగుల రికార్డులు, ఆఖరున బ్యాకప్. బ్యాకప్‌ను పూర్తిగా ఆపేద్దామని నేనన్నాను. యువ ఇంజనీరు ఒప్పుకోలేదు. "రేపు డిస్కు పోతే మీ పాత రోగుల చిత్రాలు ఎక్కడి నుంచి తెస్తారు, డాక్టరుగారూ?" అన్నాడు. అతనిదే సబబు. బ్యాకప్‌కూ ఒక వాటా మిగిల్చాం.