మోకరించిన ఎద్దు: శిల్పి షియోంగ్ బింగ్‌మింగ్ జీవితం నుండి సంఘానికి ఒక పాఠం

పరదేశపు విద్య నేర్చినవాడు తన ప్రజలకు పరాయివాడై పోవలసినదేనా? పాశ్చాత్య గ్రంథాలతోనే వేదాంత విద్య నేర్చుకొన్న మన సేవకులను ఈ ప్రశ్న విడిచిపెట్టదు. చైనా శిల్పి షియోంగ్ బింగ్‌మింగ్ (1922–2002) జీవితాన్ని ఈ వెలుగులో పరిశీలిద్దాం.

ఆయన నాన్‌జింగ్‌లో జన్మించారు. తండ్రి షియోంగ్ చింగ్‌లై పేరుపొందిన గణిత శాస్త్రవేత్త. కుమారుడు యుద్ధకాలంలో కున్‌మింగ్‌లో తత్వశాస్త్రం చదివి, 1947లో ప్రభుత్వ విద్యార్థి వేతనంపై పారిస్ చేరారు. అక్కడ తత్వశాస్త్రం విడిచి శిల్పకళకు మళ్ళి, మార్సెల్ జిమోన్ అనే శిల్పి వద్ద శిష్యరికం చేశారు. తరువాత పారిస్‌లోనే స్థిరపడి, దీర్ఘకాలం చైనా భాషను బోధించారు.

దూరదేశంలో ఉన్నందున ఆయన తన మూలాలను మరువలేదు. చైనా సంస్కృతికి హృదయం దాని లేఖనకళయే అని ఆయన నమ్మకం. 8వ శతాబ్దపు లేఖకుడు ఝాంగ్ షూను గూర్చి ఫ్రెంచి భాషలో ఆయన రాసిన గ్రంథం 1984లో వెలువడింది. లేఖనకళా సిద్ధాంతాలను ఆయన ఆరు పాయలుగా విభజించి, కన్ఫ్యూషియస్ నీతి, దావ్ మార్గపు సహజత్వం, జెన్ ధ్యానం అక్షరంలో ఎట్లు కనబడునో వివరించారు. ఆయన ఇనుముతో చేసిన కొంగల్లో కుంచె గీతల పొదుపే మాకు కనిపిస్తుంది.

2002లో నాన్‌జింగ్ విశ్వవిద్యాలయ శతాబ్ది సందర్భంగా అక్కడ నిలిపిన ఆయన శిల్పం మోకరించిన ఎద్దు. దాని పేరుకు 'పసివాని ఎద్దు' అని అర్థం. పూర్వం ఛీ దేశపు రాజు తన బిడ్డకోసం ఎద్దులా వంగి, తాడు నోట కరచుకొని ఆడుచూ పళ్ళు పోగొట్టుకొన్నాడని చైనా పురాతన చరిత్ర చెబుతుంది. 1932లో రచయిత లూ షున్ ఒక పద్యంలో ఆ మాటను ప్రజాసేవకు గుర్తుగా వాడారు. మోకరించినా ఆ ఎద్దులో బలం తగ్గలేదు. ఫిలిప్పీ 2:7 చదివినప్పుడు ఆ రూపం మా కన్నుల ముందు నిలుస్తుంది.

అయితే షియోంగ్‌ను క్రైస్తవ శిల్పిగా చూపుట మా ఉద్దేశం కాదు. అట్లు చేస్తే ఆయనకూ సత్యానికీ అన్యాయం చేసినవారమవుతాము. ఆయన వద్ద మనం నేర్వవలసినది విధానం. పారిస్ ఆయనకు పనిముట్లను ఇచ్చింది. చెప్పవలసిన మాట ఆయన తన నేలనుండే తెచ్చుకొన్నారు.

1919 నాటి చైనా బైబిలు అనువాదంలో యోహాను 1:1లోని 'వాక్యము'నకు 'దావ్' అనే మాట వాడబడింది. దానికి మార్గమనీ, పలుకుట అనీ అర్థాలున్నాయి. ఆ ప్రజల ప్రాచీన పదమే అక్కడ ప్రభువును సూచించింది. మనం నేర్చిన వేదాంతం కూడా మన పల్లె సంఘంలో మోకరించి, మన ప్రజల మాటలో పలికినప్పుడే అది సువార్త సేవ అవుతుంది.