వోకాయ్‌కి ఎన్ని పేర్లు?

ఫిజీ ద్వీపాల్లో చెట్ల మీద పచ్చగా, పొడవు తోకతో ఒక జంతువు ఉంటుంది. ఇక్కడి ఫిజీవాళ్ళు దాన్ని వోకాయ్ అంటారు. ఇంగ్లీషులో ఇగ్వానా. తెలుగులో ఏమనాలి? ఉడుము అందామంటే, ఉడుము మాంసం తింటుంది. తొండ అందామంటే, తొండ పురుగులు తింటుంది. వోకాయ్‌కి ముఖ్యంగా ఆకులు, పువ్వులు కావాలి. మందార జాతి పువ్వులంటే మరీ ఇష్టం. గుడిలో పూలు కోసే పని నాది, అందుకే ఈ మాట నాకు బాగా నచ్చింది! నేను ఇగ్వానా అనే రాస్తాను.

శాస్త్రంలో ప్రతి జీవికి రెండు మాటల పేరు ఉంటుంది. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. మన ఇంటిపేరు ముందు వచ్చినట్టే అనుకోండి. 1800లో ఫ్రాన్సు శాస్త్రవేత్త బ్రోన్యార్ దీనికి ఇగ్వానా ఫాసియాటా అని పేరు పెట్టాడు. ఫాసియాటా అంటే పట్టీలు ఉన్నది. తరువాత క్యువియే దాని ఇంటిపేరు మార్చి బ్రాకిలోఫస్ అన్నాడు, అంటే పొట్టి జుట్టుముడి. బంధువులందరూ దూరాన అమెరికా ఖండాల్లో ఉన్నారు. సముద్రంలో కొట్టుకొచ్చిన చెట్ల మీద వీటి పూర్వీకులు ఇక్కడికి చేరారని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

చాలా కాలం ఫిజీలో ఉన్నది ఒకే జాతి అనుకున్నారు. 1979లో సువాలోని విశ్వవిద్యాలయంలో పనిచేసే జాన్ గిబ్బన్స్ యందువా తంబా అనే చిన్న ద్వీపంలో వేరే రకం చూశాడు. దీని వీపు మీద జుట్టు ఎత్తుగా ఉంది, తెల్లని పట్టీలు సన్నగా ఉన్నాయి, కోపం వస్తే ఒళ్ళు నల్లబడుతుంది. 1981లో ఆయన దీనికి బ్రాకిలోఫస్ విటియెన్సిస్ అని పేరు పెట్టాడు, అంటే ఫిజీది. ఆ ద్వీపం సుమారు 170 ఎకరాలే. అక్కడ మేకలు అడవిని తినేస్తున్నాయి. తరువాత ద్వీపాన్ని రక్షిత ప్రాంతం చేశారు, మేకలను తీసేశారు. ఇప్పుడు ఈ జాతిలో ఎక్కువ భాగం అక్కడే ఉంది. అయినా ఇది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతే.

2008లో 13 ద్వీపాల ఇగ్వానాల డీఎన్ఏ చూసి, మధ్య ద్వీపాలవి వేరే జాతి అని తేల్చారు. పేరు బులాబులా. ఫిజీలో మనం రోజూ చెప్పుకునే పలకరింపు అదే కదా! 2017లో ఇంకొకటి, గౌ ద్వీపానిది. రాసేది గౌ, పలికేది ఙౌ. తెలుగులో ఎవరూ వాడని ఙ అక్షరానికి నాకు చివరికి ఒక పని దొరికింది.

ఇన్ని పేర్లు ఎందుకు అంటారా? అన్నీ ఒకే జాతి అయితే, ఒక ద్వీపంలో పోయినా ఇంకో ద్వీపంలో ఉందిలే అనుకుంటాం. వేరు జాతులైతే అలా అనలేం. ఇవి నేల తవ్వి గుడ్లు పెడతాయి, పిల్లలు బయటికి రావడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. పిల్లులు, ముంగిసలు ఉన్న చోట ఇది చాలా కష్టం. చెరకు తోటల్లో ఎలుకల కోసం 1883లో ఇక్కడికి ముంగిసలను తెచ్చారు. అదే చెరకు కోసం, 1903 నుంచి, మద్రాసు ఓడల్లో మన తెలుగువాళ్ళను గిర్మిట్ మీద తెచ్చారు.

గిబ్బన్స్ పేరుతో కూడా ఒక ఇగ్వానా ఉంది, బ్రాకిలోఫస్ గిబ్బన్సీ. 2004లో ఆ పేరు పెట్టారు. అది టోంగాలో ఉండేది, మనుషులు వచ్చాక అంతరించింది. దొరికినవి ఎముకలే.