శాంటా క్లారా పాదరసం, సియెర్రా బంగారం

కాలిఫోర్నియా బంగారం గురించి మాట్లాడేటప్పుడు శాంటా క్లారా పేరు ఎవరూ ఎత్తరు. బంగారం దొరికింది ఇక్కణ్ణించి మూడు గంటల కారు ప్రయాణం దూరాన, సియెర్రా నెవాడా కొండల్లో. మన లోయలో అప్పట్లో గోధుమ చేలు, తర్వాత పళ్ళ తోటలు, ఆ తర్వాత సిలికాన్. బడి పుస్తకాల వరస ఇదీ. కానీ ఆ బంగారాన్ని ఇసకలోంచి విడదీసిన సరుకులో పెద్ద వాటా మన లోయ నుంచి వెళ్ళిందే. ఆ సరుకు పాదరసం.

ఏటి ఇసకలో, కంకరలో కలిసి ఉండే బంగారాన్ని ప్లేసర్ బంగారం అంటారు. దానికోసం రాయి పగలగొట్టక్కర్లేదు, కడిగితే చాలు. ఈ విద్య మనకీ కొత్త కాదు, పాత తెలుగులో జలగడగడం అని దీనికో మాటే ఉంది. కంసాలి వీధుల్లో దుమ్ము ఊడ్చుకెళ్ళి, కడిగి, అందులోంచి బంగారం రజను ఏరుకునేవాళ్ళుండేవారు. 1848 జనవరి 24న కొలోమా దగ్గర సట్టర్ మిల్లు కాలవలో బంగారం కనబడ్డాక ఎగబడ్డ జనం మొదట చేసిందీ అదే, పళ్ళేలు పట్టుకుని. చిక్కేమిటంటే సన్నటి రజను నీళ్ళతోపాటు కొట్టుకుపోతుంది. పొడుగాటి చెక్క తొట్టెల అడుగున అడ్డకమ్మీలు కొట్టి, వాటి మధ్య పాదరసం పోస్తే, రజను దానికి అంటుకుని ముద్ద అవుతుంది. ముద్దని కాలిస్తే పాదరసం ఆవిరైపోతుంది, బంగారం మిగులుతుంది. పరుసవేది అంటూ మనవాళ్ళు శతాబ్దాల తరబడి కలలు కన్నదాంట్లో నిజంగా పనిచేసింది ఈ ముక్క ఒక్కటేనేమో!

ఆ పాదరసం ఎక్కడిది? శాన్ హోసేకి దక్షిణాన ఉన్న న్యూ ఆల్మడెన్ కొండల్లోది. అక్కడి ఎర్ర రాయిని ఒలోనీ తెగవాళ్ళు ఎప్పటినుంచో ఒంటికి రంగుగా వాడుకునేవారు. మన ఇంగిలీకమే అది. 1845లో ఆంద్రెస్ కాస్తియేరో అనే మెక్సికన్ సైనికాధికారి ఆ రాయిలో పాదరసం ఉందని గుర్తుపట్టి, అప్పటి మెక్సికో చట్టం ప్రకారం శాన్ హోసే గ్రామాధికారి దగ్గర గని హక్కు కోసం అర్జీ పెట్టుకున్నాడు. ఈ లోయలో గనికి సంబంధించిన మొట్టమొదటి పర్మిట్ కాయితం అనుకోవచ్చు. తర్వాత దేశం మారింది, గని చేతులు మారింది, వ్యాజ్యం సుప్రీం కోర్టుకెక్కింది. కాయితాలు సరిగ్గా లేవని 1863లో కోర్టు కొట్టేసింది. అదే ఏడాది, అంతర్యుద్ధం మధ్యలో, గనిని స్వాధీనం చేసుకోమని లింకన్ ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. రేపు మన గనుల మీదికీ వస్తారేమోనని కాలిఫోర్నియా అంతా గగ్గోలెత్తింది. లింకన్ వెనక్కి తగ్గాడు. ఇంత రగడలోనూ ఆ కొండ ఎవరిదన్నదే ప్రశ్న. కాల్చగా మిగిలిన రాళ్ళపొడి ఏట్లో పోస్తున్నారే, దాని సంగతేమిటని అడిగిన కాయితం ఒక్కటీ లేదు.

ఆ గని తన జీవితకాలంలో దాదాపు 11 లక్షల ఫ్లాస్కుల పాదరసం తీసింది. ఒక్కో ఫ్లాస్కు 76 పౌన్లు. అంటే మూడు కోట్ల ఎనభై లక్షల కిలోలు, కాస్త అటూ ఇటూగా.

ఇక కొండల మీద ఏం జరిగిందో చూద్దాం. 1853లో నెవాడా సిటీ దగ్గర ఒకాయన గొట్టం పెట్టి నీటి ధారతో గుట్టని కొట్టడం కనిపెట్టాడు. పళ్ళెం పోయి ఫిరంగి వచ్చినట్టే. కొండలకి కొండలే కరిగి, తొట్టెల్లోంచి పారి, యూబా నదిలో పడ్డాయి. అమెరికా భూగర్భ సర్వే లెక్కల్లో ఇలా కడిగిన కంకర 150 కోట్ల ఘనగజాల పైమాటే. తొట్టెల్లో పోసిన పాదరసంలో ఏటా పది నుంచి ముప్ఫై శాతం మట్టితో పాటు పోయేది. ప్లేసర్ గనుల్లోనే మొత్తం మీద కోటి పౌన్లు పోయిందని అదే సంస్థ అంచనా. యూబా నది అడుగు పైకి లేచింది. మేరీస్‌విల్ ఊరు గట్లు కట్టుకుంది, నది వాటికంటే ఎత్తుకి వచ్చింది. 1875లో ఊరు మునిగింది. (ఫోల్సంలో ఉండే మన తెలుగువాళ్ళకి ఊరి చుట్టుపక్కల గుండ్రాళ్ళ గుట్టలు కనిపిస్తుంటాయి. అవి తర్వాతి కాలపు డ్రెడ్జర్లు వదిలి వెళ్ళినవి. కొండలనుకునేరు!)

చివరికి మేరీస్‌విల్‌లో ఆస్తి ఉన్న ఎడ్వర్డ్స్ వుడ్రఫ్ అనే ఆయన నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ కంపెనీ మీద దావా వేశాడు. 1884 జనవరి 7న జడ్జి లొరెంజో సాయర్ తీర్పిచ్చాడు. అది గనుల తవ్వకాన్ని ఆపిన తీర్పని చాలామంది రాస్తారు. అలా కాదు. తవ్వుకో, కానీ నీ మట్టిని నదిలోకి వదలకు అన్నాడాయన. ఆ ఒక్క షరతుతోనే వ్యాపారం చాలావరకు మూతపడింది. మట్టిని కింది ఊళ్ళ నెత్తిన పెట్టడం మీదే లాభం ఆధారపడి ఉందని అంతకంటే వేరే రుజువేం కావాలి?

1893లో కమినెట్టి చట్టం వచ్చింది. ముందు మట్టిని ఆపే ఆనకట్ట కట్టి చూపించు, తర్వాత లైసెన్సు తీసుకుని తవ్వుకో అంది. లైసెన్సులిచ్చే డెబ్రిస్ కమిషన్‌లో ముగ్గురూ సైన్యపు ఇంజనీర్లే. ఆ కమిషన్ 1986 దాకా బతికింది, తర్వాత దాని పనులు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌కే దఖలు పడ్డాయి. వీళ్ళని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తారు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. రిక్లమేషన్. 1850లో అమెరికా ప్రభుత్వం చిత్తడి నేలల్ని రాష్ట్రాలకిచ్చేస్తూ చట్టం చేసినప్పుడు, ఆ మాటకి అర్థం నీళ్ళు తోడేసి, గట్టు వేసి, పొలం చెయ్యడం. చిత్తడి అంటే చెడిపోయిన నేల అని లెక్క. 1975లో కాలిఫోర్నియా గనుల చట్టం చేసినప్పుడు అదే మాటకి అర్థం, తవ్వి పాడుచేసిన నేలని మళ్ళీ పనికొచ్చేలా చేసి ఇవ్వడం. నూట పాతికేళ్ళలో అదే మాట గట్టుకి అవతలి వైపు వెళ్ళి నిలబడింది.

ఇవాళ చిత్తడి నేలలో ప్లేసర్ గని తవ్వాలంటే వరసగా గుమ్మాలెక్కాలి. 1972 నాటి నీటి చట్టంలో 404 సెక్షన్ కింద పూడ్చడానికీ, మట్టి వెయ్యడానికీ పర్మిట్ ఆర్మీ కోర్ ఇస్తుంది (చెప్పానుగా!). నీళ్ళు చెడవని రాష్ట్ర నీటి బోర్డు ధృవీకరించాలి. ఏటి గట్టు ముట్టుకుంటే వన్యప్రాణి శాఖతో ఒప్పందం. 1975 చట్టం ప్రకారం కౌంటీ దగ్గర రిక్లమేషన్ ప్లాను, దానికి అయ్యే ఖర్చుకి ముందే హామీ సొమ్ము. ఆ హామీ 1990 సవరణలతో వచ్చింది. నాకు అన్నిటికంటే నచ్చేది అదే. కన్సల్టెంట్లకి బాగా తెలుసు: ఆఖరి ఇన్‌వాయిస్ ఆపి ఉంచితే గానీ ప్రాజెక్టు తాళాలు సరిగ్గా అప్పజెప్పరు. అలాస్కాలో ఇంకా ముచ్చటైన ఏర్పాటుంది. అక్కడి చిన్న గనివాళ్ళు ఎకరానికి ఇంతని ఉమ్మడి నిధిలో కడతారు, మన చీటీల్లాగా.

ఇవన్నీ చిన్నవాళ్ళ ఉసురు తీస్తున్నాయనే వాదన ఉంది, కొట్టిపారేయలేం. వెయ్యి ఘనగజాల లోపు, ఎకరం లోపు తవ్వకానికి 1975 చట్టం వర్తించదు. కానీ ఏటి అడుగు నుంచి కంకర పీల్చే చిన్న యంత్రాల్ని కాలిఫోర్నియా 2009లో ఆపేసింది. 2016లో రాష్ట్ర సుప్రీం కోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. మేం పాత పాదరసాన్ని ఏరిపెడుతున్నాం కదా అని వాళ్ళంటారు. 2005లో రాష్ట్ర నీటి బోర్డు అమెరికన్ నదిలో పరీక్షిస్తే, యంత్రం 98 శాతం పట్టింది కూడా. అయితే మిగిలిన రెండు శాతం నలిగి, పిండిలాంటి రేణువులై నీటిలో తేలిపోయింది. ముద్దగా అడుగున పడి ఉన్నదాని కంటే అది ఎక్కువ ప్రమాదం. ఈ విషయంలో నేను నీటి బోర్డు పక్షమే.

ఎందుకంటే పాదరసం అసలు కథ మొదలయ్యేది చిత్తడిలోనే. గాలి ఆడని బురదలో ఉండే బాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది. అక్కణ్ణించి పురుగులకి, చిన్న చేపలకి, పెద్ద చేపలకి, పక్షులకి, మనుషులకి చేరుతుంది. న్యూ ఆల్మడెన్ వాగుల్లో పోసిన రాళ్ళపొడి గ్వాడలూపే నదిలో కలిసి, శాన్ హోసే ఎయిర్‌పోర్టు పక్కనుంచి, శాంటా క్లారా అంచు దాటి, అల్విసో బురదలోకి దిగుతుంది. 1987 నుంచీ ఆ నదిలో, పై చెరువుల్లో చేపలు పట్టి తినొద్దని హెచ్చరికలున్నాయి. నది శుద్ధికి 2008లో ప్రాంతీయ నీటి బోర్డు చేసిన ప్రణాళికని 2010లో ఈపీఏ ఆమోదించింది. బంగారం కంపెనీలూ లేవు, పాదరసం కంపెనీ కూడా లేదు. ఆ కొండ 1970ల నుంచి కౌంటీ పార్కు. ఖర్చులో పెద్ద భాగం, ఇక్కడ ఇళ్ళు కొనుక్కున్న మనందరి పన్నుల్లో ఉంది.

2003లో కార్గిల్ కంపెనీ దగ్గర 16,500 ఎకరాల ఉప్పుమళ్ళు కొన్నారు. వాటిలో 15,100 ఎకరాలు మన దక్షిణ తీరంలోవే. మళ్ళీ చిత్తడిగా మార్చాలని సంకల్పం. కొల్లేరులో 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు, గుర్తుందా? ఇక్కడ అలా కుదరదు. గట్టు తెగితే నీళ్ళ వేగానికి అడుగున నూటయాభై ఏళ్ళుగా పడుకున్న పాదరసం లేస్తుంది. అందుకే అల్విసోలో ఏ8 అనే మడికి గేట్లున్న గండి కట్టి, 2011లో కొద్దిగా తెరిచారు. నీళ్ళు, చేపలు, పక్షి గుడ్లు కొలిచారు. మొదటి ఏడాది గుడ్లలో పాదరసం పెరిగింది, తర్వాత తగ్గింది. తగ్గాక ఇంకో గేటు, మళ్ళీ కొలతలు.

2023లో శాకెట్ కేసులో సుప్రీం కోర్టు, నదులతో పైపైన తెగని సంబంధం లేని చిత్తడి నేలల్ని కేంద్ర చట్టం నుంచి తప్పించింది. కాలిఫోర్నియాకి సొంత నిబంధనలు 2020 నుంచి అమల్లో ఉన్నాయి కాబట్టి ఇక్కడ పెద్ద తేడా పడలేదు. అల్విసో అయితే ఆటుపోట్ల నేల, కేంద్రం పరిధిలోదే. కాబట్టి 1850ల్లో పాదరసం పోసినవాడు ఎవర్నీ అడగక్కర్లేకపోయింది గానీ, దాన్ని కదలకుండా చూస్తూ చిత్తడిని వెనక్కి తెద్దామనుకునే వాళ్ళు మాత్రం ఆ మడి గట్టు మీద పార వెయ్యడానికి ఆర్మీ కోర్ ఇంజనీర్ల దగ్గరికెళ్ళి 404 పర్మిట్ తెచ్చుకోవాలి.