పాత కుండీ మట్టి, కొత్త ఎండ

సెప్టెంబరు నెలాఖరు వచ్చిందంటే దుబాయ్, షార్జాల్లో మనవాళ్ళ బాల్కనీలు మళ్ళీ మేలుకుంటాయి. వేసవి సెలవులకు ఇండియా వెళ్ళొచ్చేసరికి కుండీల్లో కరివేపాకు, టమాటా, వంగ ఎండి పుల్లలై ఉంటాయి. వాటిని పీకి, మట్టినంతా నల్ల సంచుల్లో కట్టి చెత్తలో పడేసి, నర్సరీ నుంచి కొత్త మట్టి బస్తాలు తెచ్చుకుంటారు. పాత మట్టిలో సారం ఉండదు, రోగాలు ఉంటాయి అన్నది అందరూ చెప్పే కారణం. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆ రోగాలను వదిలించే ఉపాయం మనిషి ఎప్పుడో కనిపెట్టాడు. దానికి కావలసిన ముఖ్యమైన సరుకు ఈ దేశంలో ఉచితంగా దొరుకుతుంది కూడా.

ముందు ఆ బస్తాలో ఏముందో చూద్దాం. మనం మట్టి అంటున్నాం గానీ, చాలా బస్తాల్లో అసలు సరుకు పీట్. చల్లటి దేశాల చిత్తడి నేలల్లో నాచు చచ్చి, నీళ్ళలో పూర్తిగా కుళ్ళక, పొరలు పొరలుగా పేరుకున్న పదార్థం అది. ఇక్కడికి ఎక్కువగా బాల్టిక్ తీర దేశాల నుంచి ఓడల్లో వస్తుంది. ఏడాదికి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే జానెడు మందం పేరుకోవడానికి రెండు వందల ఏళ్ళు. మనం ఒక్క సీజను వాడి పారేస్తున్నది అది.

ఈ ఎడారి మనుషులకు మట్టి విలువ తెలియక కాదు. అల్ ఐన్ దగ్గర హీలీలో బయటపడ్డ ఫలజ్ సుమారు మూడు వేల ఏళ్ళ నాటిది. ఫలజ్ అంటే భూగర్భ జలాన్ని వాలు మీదుగా తోటలకు చేర్చే కాలువ. ఆ నీటి మీదే అల్ ఐన్ ఖర్జూర వనాలు బతికాయి. పైన ఖర్జూరం, దాని నీడలో పండ్ల చెట్లు, వాటి కింద పశుగ్రాసం. ఆకూ అలమూ పేడా తరాల తరబడి కలిసి కలిసి అక్కడి ఇసుక నేలగా మారింది. 1946లో అబుదాబి పాలకుడి ప్రతినిధిగా అల్ ఐన్ వచ్చిన షేక్ జాయెద్ తొలిరోజుల్లో తలపెట్టిన పనుల్లో ఫలజ్‌లను బాగు చేయించడం ఒకటి. 2011లో యునెస్కో ఈ వనాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంత చరిత్రలోనూ పాతబడిందని మట్టిని పారేసినవాళ్ళు లేరు.

అయితే తోట నేల వేరు, కుండీ వేరు. కుండీలో మట్టి కొంచెమే కాబట్టి రోగం వస్తే తప్పించుకునే చోటు ఉండదు. ఈ చిక్కు 1930లలో లండన్ దక్షిణాన మెర్టన్‌లో ఉన్న జాన్ ఇన్నెస్ సంస్థకు ఎదురైంది. జన్యుశాస్త్ర ప్రయోగాల కోసం అక్కడ పెంచుతున్న ప్రిములా మొక్కలు మొలక దశలోనే చచ్చిపోయేవి. విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ అనే ఇద్దరు పట్టు వదలకుండా ప్రయత్నించి, తోట మట్టిని ఆవిరితో వేడిచేసి, 7 పాళ్ళ మట్టికి 3 పాళ్ళ పీట్, 2 పాళ్ళ ఇసుక కలిపి ఒక మిశ్రమం తయారుచేశారు. ఇవాళ్టికీ అది జాన్ ఇన్నెస్ పేరుతోనే చలామణీలో ఉంది. చిత్రమేమిటంటే, ఆ పేరు గల వ్యాపారి అప్పటికి మూడు దశాబ్దాల కిందటే, 1904లో చనిపోయాడు.

ఆవిరి యంత్రం అందరికీ ఎక్కడ దొరుకుతుంది? ఆ ప్రశ్నకు జవాబు వేడి దేశం నుంచే వచ్చింది. 1976లో ఇజ్రాయెల్‌కు చెందిన జాకోవ్ కటాన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. తడిపిన నేల మీద పారదర్శకమైన పాలిథీన్ పరిచి వేసవి ఎండలో వారాల తరబడి వదిలేస్తే, టమాటా, వంగ మొక్కలను చంపే శిలీంధ్రాలు నశిస్తాయని చూపించారు. దీన్నే సోలరైజేషన్ అంటున్నారు. మన రైతుకు ఇందులో సగం ముందే తెలుసు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు దుక్కి దున్ని వదిలేసేది, పురుగులూ వాటి గుడ్లూ మాడిపోతాయనే కదా.

ఇప్పుడు లెక్క చూడండి. ఇక్కడ జులై, ఆగస్టుల్లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా అప్పుడే మనం ఊళ్ళో ఉండం, కుండీలు ఖాళీ. కాబట్టి పని ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి.

మొదటి శత్రువు రోగం కాదు, ఉప్పు. ఎమిరేట్స్‌లో ఇది ఎంత పెద్ద సమస్యంటే, ఉప్పునేలల సేద్యం కోసమే 1999లో దుబాయ్‌లో ఒక అంతర్జాతీయ పరిశోధన కేంద్రం పెట్టారు. కుండీ అంచున తెల్లగా పొరలా కనిపించేది ఎరువుల నుంచి, నీళ్ళ నుంచి మిగిలిన లవణమే. ఎండ దాన్ని ఏమీ చెయ్యలేదు. అందుకే వేర్లు, పుల్లలు ఏరేసి, మట్టికి రెండింతల నీళ్ళు మెల్లగా పోసి, అడుగు నుంచి పూర్తిగా కారిపోనివ్వాలి.

తర్వాత, చెమ్మగా ఉండగానే మట్టిని పారదర్శకమైన కవర్లో వేసి, జానెడు కంటే మందం లేకుండా పరిచి, మూతి బిగించి, ఎండ బాగా పడే గచ్చు మీద పెట్టాలి. తడి వేడి, పొడి వేడి కంటే బాగా పనిచేస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు చాలు. ఎండ తగలని బాల్కనీలో మాత్రం ఈ విద్య పారదు. వేర్ల మీద బుడిపెలున్న మొక్క తాలూకు మట్టిని మళ్ళీ వాడకపోవడమే మంచిది.

తిరిగొచ్చాక సంచి విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. 1980ల చివర్లో దక్షిణ ఆస్ట్రేలియాలో కొందరికి న్యుమోనియా వస్తే, దాని మూలం కుండీ మట్టిలో ఉండే లెజియోనెల్లా లాంగ్‌బీచీ అనే బ్యాక్టీరియా అని తేలింది. అది కొత్త బస్తాలోనూ ఉండొచ్చు. దుమ్ము లేవకుండా మట్టిని కాస్త తడపాలి, మాస్కు, గ్లవ్స్ వేసుకోవాలి, చేతులు కడుక్కోవాలి.

వేడికి మంచి సూక్ష్మజీవులూ పోతాయి, సారమూ తగ్గే ఉంటుంది. కాబట్టి పాత మట్టి రెండు పాళ్ళకు వర్మీకంపోస్టో, బాగా మాగిన ఎరువో ఒక పాలు కలపాలి. నిరుడు టమాటా, వంగ, మిరప పెంచిన మట్టిలో ఈసారి గోంగూరో తోటకూరో వేస్తే మేలు. అవి మూడూ ఒకే కుటుంబం, వాటి రోగాలు చాలావరకు ఒకటే.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించడం ఇక్కడ చట్టం ఒప్పుకోదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి వచ్చిన మనవాళ్ళకు ఆ ఎండ ఎలాంటిదో ఒకరు చెప్పక్కర్లేదు. మనిషిని నీడకు తరిమే ఆ రెండున్నర గంటల్లోనే మట్టి బాగుపడుతుంది. రెండు వందల ఏళ్ళ పీట్‌ను చెత్తలో వెయ్యకుండా ఉండటానికి మనం చెయ్యాల్సిందల్లా, ఊరికి బయల్దేరే ముందు దాన్ని ఎండలో పెట్టి వెళ్ళడమే.