ఏటి కొక నాణెపు టద్దె

జర్మనీ దేశమునందలి ఆగ్స్‌బర్గు పట్టణమున ఫుగ్గరై యను చిన్న వాడ గలదు. అందు సుమారు 150 మంది బీదలు కాపురముందురు. వారి యద్దె నెలకుఁ గాదు, ఏటికి 88 సెంట్లు. ఒక్క యూరోయైనను గాదు. నీటికిని దీపమునకును అగు వ్యయము మాత్రము వారిదే.

దీనిని గట్టించినవాఁడు యాకోబు ఫుగ్గరు. గనులు, వర్తకము, రాజులకు అప్పులిచ్చుట ఆతని వృత్తులు. 1519లో అయిదవ చార్లెసు చక్రవర్తిగా నెన్నికగుటకు విశేషముగా ధనమిచ్చినవాఁ డీతఁడే. 1521లో నాతఁడు ధర్మపత్రము వ్రాయించెను. 1523 నాఁటికి 52 ఇండ్లు లేచినవి. ఏటి యద్దె ఒక రైను గిల్డరు. నేఁటి 88 సెంట్లును ఆ గిల్డరు మారకమే.

అంతటి కోటీశ్వరుఁడు ఆ యొక్క గిల్డరు మాత్ర మేల కోరెను? ఊరక యీయరాదా? నా కిట్లు తోఁచుచున్నది. ఈ యిండ్లు భిక్షకులకుఁ గావు. పని చేసికొనియు గడవని కూలివాండ్రకు, చేతిపనివాండ్రకు. అద్దె చెల్లించువాఁడు కాపురస్థుఁడు. వానిని యాచకుఁడని యెవరనఁగలరు? క్రింది యింటికొక వాకిలి, మీఁది యింటికొక వాకిలి వేఱుగా నుండుటయు ఈ గౌరవమునకే కాఁబోలు. గంటపిడు లొక్కొక్కటి యొక్కొక్క రూపున నుండును. చీఁకటిలోఁ దడవి తన గుమ్మము నెఱుఁగుటకట! సంగీతజ్ఞుఁడగు మోజార్టు ముత్తాత, తాపీపనివాఁడు, పదునేడవ శతాబ్ది చివర నిచ్చటనే కాపురముండెను. ఊరివారికి గోడలు గట్టినవానికి సొంత గోడ లేకపోయెను.

మన దాతలును సత్రములు గట్టించి మాన్యము లిచ్చిరి. అవి బాటసారులకు. ఊరనే యుండి కూలి చేసికొనువానికి స్థిరమగు నిల్లు నేర్పఱచిన వారెందఱు?

ఫుగ్గరు షరతులలో నొకటి నాకు రుచింపదు. కాపురస్థుఁడు కాథలిక్కు కావలయును; దాత వంశమునకై దినమునకు మూఁడు ప్రార్థనలు చేయవలయును. వాన కాఱు కప్పు మతమడుగునా?

1944 నాఁటి బాంబులకు వాడ చాలవఱకు నేలమట్టమయ్యెను. ధర్మనిధియే మరల గట్టించెను. నేఁడు 140 కాపురము లున్నవి. ఆ గిల్డర్లు పెంకులకైనఁ జాలవు. నిధికిఁ జెందిన యడవుల కలపయే ఇండ్లను ముఖ్యముగాఁ బోషించుచున్నది. చూడవచ్చువారి ప్రవేశ రుసుమును అందులకే; అది కాపురస్థుని ఏటి యద్దెకంటె నెన్నియో రెట్లు.